స్విట్జర్లాండ్ పోవడానికి కావలసిన కాయితాలు

అచ్చంపేట,
9 జనవరి 2024

తమ్ముడు అమరేందర్‌కు,

అక్క నిర్మలమ్మ రాస్తున్నది. మనం బాగున్న సంగతి మొన్న ఫోన్లో చెప్పుకున్నాం కాబట్టి మళ్లీ అడగను.

ఆదివారం నువ్వు అరగంట మాట్లాడావు. మామూలుగా నాతో మూడు నిమిషాలకు మించి మాట్లాడవు. "అక్కా, మే నెలల స్విట్జర్లాండ్ పోదాం, ఖర్చంత నాదే, నువ్వు ఫికర్ చేయకు" అన్నావు. ఆలోచించి చెప్తానన్నాను. నేను ఆలోచించకముందే సోమవారం బస్సు కార్గోలో పార్సిల్ వచ్చింది. విప్పితే నారాయణపేట చీరె, దాని కింద ఉన్ని స్వెట్టరు, దాని కింద ఒక ఫారం. అంతా ఇంగ్లీషు. నేను సంతకం పెట్టవలసిన చోటల్లా పెన్సిలుతో ఇంటు గుర్తులు పెట్టి పంపావు.

మా పక్కింటి నాగరాణి సంగతి నీకు చెప్పానో లేదో. పోయినేడు బతుకమ్మ పోయాక ఆమె అన్నలిద్దరూ కారులో వచ్చారు. చీరె పెట్టారు, గాజులు వేయించారు, యాటకూర తినిపించారు. "గిదొక్కటి ఉత్త సంతకమే చెల్లె" అని ఆఫీసుకు తీసుకుపోయారు. తిరిగొచ్చినప్పుడు ఆమెకు చీరె మిగిలింది, భూమి మిగల్లేదు. పుట్టింటివాళ్లు చీరె పెట్టి సంతకం అడిగితే దాని అర్థమేమిటో మన దిక్కు పలక పట్టిన పిల్లకు కూడా తెలుసు. ఊరక రారు మహానుభావులు అని బాపు అనేవాడు.

బాపు పోయేముందు నీ ఎదుటనే, నా ఎదుటనే చెప్పాడు, ఆరెకరాల్లో చెరి మూడని. ఆ మాట నేను మరువలేదు. నువ్వూ మరువలేదనే అనుకుంటున్నాను.

కాబట్టి అడుగుతున్నాను. పెళ్లాన్ని విడిచిపెట్టి అరవై రెండేళ్ల అక్కను ఆ దేశం ఎందుకు తీసుకుపోతున్నావు? ఆ ఇంటు గుర్తులు దేనికి? ఫోన్లో చెప్పకు. ఫోన్లో మాట గాలికి పోతుంది. కాయితం మీద రాసి, తేదీ వేసి, కింద నీ సంతకం పెట్టి పంపు. ముందు నువ్వు పెడితే తర్వాత నేను పెడతాను.

నీ అక్క,
నిర్మలమ్మ

నారాయణపేట,
16 జనవరి 2024

అక్కకు,

తమ్ముడు అమరేందర్ నమస్కారాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి బాధ అయింది. ముప్పై ఒక్కేళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషిని, తోడబుట్టినవాణ్ని, నాగరాణి అన్నల పక్కన కూర్చోబెట్టావు.

అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తున్నాను. మేం రిటైరైన టీచర్లం ఇరవై మందిమి కలిసి పోతున్నాం. మే రెండున బయలుదేరి తొమ్మిది రోజులు. ఉమారాణికీ నాకూ అని రెండు సీట్లు నిరుడే చెప్పాను. దసరా ముందు ఆమెకు మోకాళ్ల ఆపరేషన్ అయింది కదా, మంచు మీద నడవొద్దని డాక్టరు చెప్పాడు. "నేను రాను, వదినెను తోలుకపో" అని ఆమే అన్నది. చీరె కూడా ఆమే కొన్నది. మా వీధిలోనే మగ్గం ఉంది, పొద్దున లేస్తే ఆ చప్పుడే. ఈ ఊళ్లో ఉన్నవాళ్లు అక్కకు చీరె పంపక మరేం పంపుతారు?

ఆ ఫారం వీసాది. ఆ దేశంలోకి రానివ్వమని వాళ్లను అడిగే కాయితం. అందులో నీ భూమి ఊసే లేదు. కావాలంటే ఇంగ్లీషు వచ్చినవాళ్లతో చదివించుకో.

అక్కా, ఆ కొండల గురించి ఏటేటా తొమ్మిదో తరగతికి చెప్పాను. ఆల్ప్స్ అని బోర్డు మీద గీసేవాణ్ని, తెల్ల సుద్దతో మంచు వేసేవాణ్ని. ఒక ఏడు ఒక పిల్ల లేచి "మీరు చూసిన్రా సార్" అని అడిగింది. లేదన్నాను. "మరెట్ల తెలుసు సార్" అన్నది. అప్పటి నుంచీ పోవాలనే ఉంది.

నువ్వు ముందు మహబూబ్‌నగర్ పోస్టాఫీసులో పాస్‌పోర్టుకు పెట్టుకోవాలి. నేను ఆన్‌లైన్‌లో 22న తేదీ తీసుకున్నాను. తర్వాత వీసాకు నీ బ్యాంకు కాయితం కావాలి. ఇంకా నీ పేర ఏదైనా ఇల్లో భూమో ఉంటే దాని కాయితం కూడా అడుగుతారు. మనం పోయి అక్కడే ఉండిపోతామేమోనని వాళ్లకు అనుమానం. తిరిగొచ్చేందుకు ఇక్కడ మనకు ఏముందో చూపించాలి. ఆ భూమి కాయితం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దాని జోలికి పోకు.

నీ తమ్ముడు,
అమరేందర్ (సంతకం పెట్టాను, చూసుకో)

అచ్చంపేట,
31 జనవరి 2024

తమ్ముడికి,

పాస్‌పోర్టు పని అయింది. మహబూబ్‌నగర్‌కు మా బావ జానయ్యను తోడు తీసుకుపోయాను. మా ఆయన పెదనాయన కొడుకు, కోర్టులో అటెండరుగా చేసి దిగినవాడు, నీకు తెలుసు. అక్కడి పిల్ల వేలిముద్రలు పెట్టమంటే, దేనికో చెప్పేదాకా జానయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు తిట్టారు. ఆయన లెక్కచేయలేదు.

నిన్న విచారణకని పోలీసాయన ఇంటికొచ్చాడు. నేను పనిచేసిన అంగన్‌వాడీ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులయ్యారు, వాళ్లంతా గేటు దగ్గర చేరారు. "టీచరమ్మ ఏం చేసింది సార్" అని అడిగారు. స్విట్జర్లాండ్ పోతున్నదని ఆయన చెప్తే ఎవరూ నమ్మలేదు. నాగరాణి మాత్రం నన్ను పక్కకు పిలిచి "ఎంత దూరం తోల్కపోతే అంత పెద్ద సంతకమట అక్కా" అన్నది.

నువ్వు తర్వాత పంపిన ఇన్సూరెన్సు కాయితం జానయ్య మనవరాలు చదివి చెప్పింది. ఆ దేశంలో నాకేమన్నా అయితే పైసలు ఎవరికి చెందాలి అన్నచోట నీ పేరు రాసి ఉంది. మంచు మీద కాలు జారితే ఎంత లోతు పోతారో నువ్వే పాఠం చెప్పినవాడివి. నేను ఏమీ అనడం లేదు. రాసి పెడుతున్నాను, అంతే.

ఇప్పుడు అసలు మాట. భూమి కాయితం జోలికి పోవద్దన్నావు. నా భూమి కాయితం జోలికి నేను పోకపోతే ఎవరు పోవాలి? 2018లో కొత్త పాసుబుక్కులు వచ్చినప్పుడు ఫోన్ చేసి అడిగాను, అయిందా అని. "అయింది, ఫికర్ చేయకు" అన్నావు. నేను ఫికర్ చేయలేదు. ఏటేటా నువ్వు పంపే రెండు సంచుల కందులూ బియ్యమూ తిని కూర్చున్నాను. మొన్న బస్సులో జానయ్య ఒకటే మాట అడిగాడు: "నిర్మలా, రైతుబంధు నీ ఖాతాల ఎన్నడన్న పడ్డదా?" భూమి ఎవరి పేర ఉంటే వాళ్లకు సర్కారు వేసే ఆ పైసలు నా ఖాతాలో ఒక్కసారీ పడలేదు.

నా పాసుబుక్కు జిరాక్స్ పంపు. స్విట్జర్లాండ్ వాళ్లకు కాదు, నాకు.

నీ అక్క,
నిర్మలమ్మ

నారాయణపేట,
7 ఫిబ్రవరి 2024

అక్కకు,

నీ ఆరోగ్యం ఎట్లా ఉంది? ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. అక్కడ మాత్రం మే నెలలో కూడా కొండల మీద మంచు ఉంటుంది. పళ్ల చక్రాల రైలు ఒకటి నిట్టనిలువుగా పైకి పోతుందట. ఆవుల మెడకు మన చెంబంత గంటలు కడతారట. వాటిని చూస్తే నువ్వు సంతోషపడతావు.

ఇన్సూరెన్సులో ఎవరి పేరైనా రాయాలి కాబట్టి నా పేరు రాశాను. నా కాయితంలో నీ పేరు రాశాను, అది నీకు పంపలేదు. అడిగితే పంపేవాణ్ని.

పాసుబుక్కు బీరువాలో ఎక్కడో ఉంది. ఉమారాణి నడవలేక వెతకలేకపోతున్నది. అయినా వీసాకు నీ ఇంటి పన్ను రసీదు చాలునని టూరు మనిషి చెప్పాడు. కాబట్టి భూమి మాట ఇక వదిలెయ్.

ఒక సంగతి నేనూ అడగాలి. జానయ్య కొడుకు ప్లాట్ల వ్యాపారం చేస్తాడని విన్నాను. మోత్కూరు దగ్గర మన భూమి పక్కనుంచి రోడ్డు పడుతుందని అందరికీ తెలుసు. ఇన్నేళ్లు లేని పాసుబుక్కు మీద ప్రేమ జానయ్య పక్కన కూర్చోగానే ఎందుకు పుట్టింది? నువ్వు ఎవరికైనా మాట ఇచ్చావా? ఇస్తే చెప్పు. నువ్వు మంచిదానివి, నిన్ను ముందు పెట్టి వెనక ఎవరున్నారో నేను చూడగలను.

అమరేందర్

అచ్చంపేట,
16 ఫిబ్రవరి 2024

అమరేందర్‌కు,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేను జిరాక్స్ అడిగితే నువ్వు జానయ్య కొడుకు ప్లాట్ల మీదికి పోయావు. ఆవుల గంటల మీదికి కూడా పోయావు.

మంగళవారం తొలి బస్సుకు మోత్కూరు పోయాను. జానయ్యను తీసుకుపోలేదు. ఎవరికీ చెప్పలేదు. మన కౌలుదారు మారయ్య ఇంట్లో నీళ్లు తాగి, అతన్ని వెంటబెట్టుకుని కంప్యూటర్ల దుకాణానికి పోయాను. సర్వే నంబరు మారయ్య చెప్పాడు. ఆ పిల్లగాడు కొట్టి చూసి తెర నా దిక్కు తిప్పాడు. ఆరెకరాలు. ఒక్కటే ఖాతా. ఒక్కటే పేరు, నీది.

నేను ఇంకోసారి చూడమన్నాను. "ఎన్నిసార్లు చూసినా గదే ఉంటదమ్మా" అన్నాడు. మారయ్య తల వంచుకున్నాడు. అతనికి ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ఊరందరికీ తెలిసిన సంగతి ఆరేళ్లుగా తెలియనిది నాకొక్కదానికే. మా ఆయన పోయిన రోజు కూడా నేను ఇంత ఒంటరిదాన్నని అనుకోలేదు.

బస్సులో దారి పొడుగునా ఒకటే ఆలోచించాను. నా సంతకం లేకుండానే నా మూడెకరాలు నీకు వచ్చాయి. ఇక తీసుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మరి ఆ చీరె ఎందుకు పెట్టావు? ఆ దేశం ఎందుకు తీసుకుపోతానన్నావు? ఇంతకు ముందు నీ మీద నాకున్న అనుమానం అర్థమయ్యే అనుమానం. ఇప్పుడున్నది అర్థం కావడం లేదు. దీనికి జవాబు రాయి.

నిర్మలమ్మ

నారాయణపేట,
22 ఫిబ్రవరి 2024

అక్కా,

పాసుబుక్కు బీరువాలో ఎక్కడో లేదు. పై అరలోనే ఉంది. నాకు ఎప్పుడూ తెలుసు.

2018లో రికార్డులు సరిచేసేటప్పుడు నేను సెలవు పెట్టి మోత్కూరు వచ్చాను. పంచాయతీ ఆఫీసులో టేబుల్ వేసుకుని ఒకాయన పేర్లు రాస్తున్నాడు. మన వంతు వచ్చింది. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు: "సార్, ఆడబిడ్డ పేరు గూడ రాయాల్నా, మీదొక్కటే రాయాల్నా?" రాయి అంటే రాసేవాడు. రెండక్షరాల మాట. నా వెనక నిలబడ్డవాళ్లలో ఎవరూ అక్క పేరు రాయించలేదు. నేను "ఇప్పటికి గిట్ల కానీయండి, తర్వాత సూద్దాం" అన్నాను. ఆయన రాసుకుని తర్వాతి మనిషిని పిలిచాడు.

నువ్వు ఫోన్ చేసి అయిందా అన్నప్పుడు, అయిందన్నాను. అబద్ధం చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎవరి పేర అయిందని నువ్వు అడగలేదు కదా అనుకున్నాను. అట్లా అనుకున్న మనిషినే, మరుసటి వారం ఎనిమిదో తరగతికి సమానత్వం పాఠం చెప్పాను.

సీటు ఖాళీ అయినప్పుడు ఉమారాణి నీ పేరు చెప్పలేదు. రద్దు చేద్దామన్నది. నీ పేరు చెప్పింది నేనే. చీరె కొన్నదీ నేనే. నిన్ను అంత దూరం తీసుకుపోయి, అంత పెద్ద కొండలు చూపించి, నువ్వు సంతోషపడితే, నా మీద ఉన్న బరువు దిగుతుందనుకున్నాను. నీ మూడెకరాలకు బదులు మంచు చూపిద్దామనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నీ భూమి నీకు రాసిస్తాను. నమ్ము.

అమరేందర్

అచ్చంపేట,
28 ఫిబ్రవరి 2024

అమరేందర్‌కు,

నమ్మమన్నావు. ఒకసారి నమ్మితే ఆరేళ్లు పట్టింది తెలియడానికి. ఇంకోసారి నమ్మే వయసు నాది కాదు.

నీ ఉత్తరం జానయ్యకు చూపించలేదు. నువ్వు చేసింది తప్పని చెప్పడానికి నాకు కోర్టు అటెండరు అక్కర లేదు. కానీ నువ్వు రాసిచ్చే రోజు ఎప్పుడో, ఏ ఆఫీసో, ఆ కాయితం పంపు. తర్వాత చూద్దాం అన్న మాట మాత్రం రాయకు.

నిర్మలమ్మ

నారాయణపేట,
6 మార్చి 2024

అక్కకు,

మోత్కూరు తహసీల్దారు ఆఫీసులో స్లాటు దొరికింది. మార్చి 18 సోమవారం, పొద్దున పదిన్నరకు. ఆ కాయితం దీనితోపాటు పంపుతున్నాను. సాక్షులు ఇద్దరు కావాలి. మారయ్యకు చెప్పాను. రెండో మనిషిగా నువ్వు జానయ్యనే తెచ్చుకో.

అయితే ఒక ఇబ్బంది వచ్చింది. నిన్న టూరు మనిషి ఫోన్ చేశాడు. హైదరాబాదు వీసా ఆఫీసులో మన ఇరవై మందికీ ఒకటే రోజు ఇచ్చారట. అదీ మార్చి 18, పదకొండు గంటలకు. మనిషి పోయి వేలిముద్రలు ఇవ్వాలి. ఆ రోజు తప్పితే మళ్లీ ఏప్రిల్ ఆఖరుకు గాని తేదీలు లేవట, అప్పటికి వీసా రాదు. భూమి స్లాటు మార్చుకోవచ్చు, ఏప్రిల్‌లో కూడా దొరుకుతుంది. ఇది వంక కాదు అక్కా. రెండు కాయితాలూ పంపుతున్నాను, తేదీలు నువ్వే చూడు. ఏం చేయమంటావు?

అమరేందర్

అచ్చంపేట,
11 మార్చి 2024

అమరేందర్‌కు,

రెండు కాయితాలూ చూశాను. జానయ్య మనవరాలితో కూడా చదివించాను. తేదీలు నిజమే.

ఏం చేయమంటావని అడిగావు. నేను చెప్పను. ఇన్నాళ్లూ నన్ను అడగకుండా చేసినవాడివి, ఈ ఒక్కటీ నువ్వే తేల్చుకో. నేను 18న మోత్కూరులో ఉంటాను.

నిర్మలమ్మ

అచ్చంపేట,
27 మార్చి 2024

తమ్ముడికి,

ఆ రోజు ఆఫీసులో నీతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. జనం ఎక్కువున్నారు. నువ్వు నారాయణపేట బస్సుకు టైమైందని పోయావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు వస్తావని నేను అనుకోలేదు. ఉన్న మాట చెప్తున్నాను. మోత్కూరు బస్టాండులో దిగేటప్పుడు జానయ్య "వాడు హైదరాబాద్‌ల ఉంటడు సూడు" అంటే నేను కాదనలేదు. ఆఫీసు దగ్గరికి వస్తే నువ్వు మెట్ల మీద కూర్చుని ఉన్నావు. పొద్దున ఎనిమిది నుంచీ అక్కడే ఉన్నావని మారయ్య చెప్పాడు. నిన్ను చూడగానే నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని జానయ్య వెనక నిలబడ్డాను.

లోపల కంప్యూటర్ పిల్ల "గిఫ్టా సార్?" అని అడిగింది. నువ్వు "గిఫ్టు కాదమ్మా, ఆమెదే" అన్నావు. ఆ పిల్ల "ఎవలదైతేంది సార్, ఇందుల గిఫ్ట్ అనే ఉంటది" అన్నది. నువ్వు ఇంకోసారి అదే మాట అన్నావు. అందరూ వినేటట్టు అన్నావు. నేను విన్నాను.

కోపం పోలేదు. అది పోవడానికి నాకు రోజులు పడతాయి, నువ్వు తొందరపెట్టకు. అనుమానం మాత్రం పోయింది. ఇంతకాలం అనుమానం మోసిన మనిషికి కోపం తేలికగానే ఉంటుంది.

మీవాళ్లు మిగతా అందరూ అనుకున్న ప్రకారం పోతారని ఉమారాణి చెప్పింది. నువ్వు ఆ రోజు నుంచీ ఇంట్లో సప్పుడు చేయకుండా కూర్చుంటున్నావట. నీకు ఆ కొండల మీద ఎంత ఆశ ఉండెనో నాకు తెలుసు. దాన్ని వదులుకుని వచ్చావని కూడా తెలుసు. వచ్చే ఏడు పోదాం. నా ఖర్చు నేను పెట్టుకుంటాను. వాళ్లు అడిగితే చూపించడానికి ఇప్పుడు నా దగ్గరా భూమి కాయితం ఉంది.

నిన్న మళ్లీ మోత్కూరు పోయాను. మారయ్య గొర్రు తోలుతున్నవాడల్లా నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు. ఇంతకుముందు నేనెప్పుడు పోయినా "సార్ బాగున్నడా" అని అడిగేవాడు. నిన్న ఆ మాట అడగలేదు. తల రుమాలు తీసి, "అమ్మా, గీ యేడు మీ దాంట్ల ఏమేద్దాం?" అన్నాడు. బాపు ఉన్నప్పుడు గానీ, మా ఆయన ఉన్నప్పుడు గానీ, ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మట్టి చేతిలోకి తీసుకుని చూశాను. కందులు వేయమన్నాను.

నీ అక్క,
నిర్మలమ్మ